గోడకు లోపలి వైపు నిలబడి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. యెరూషలేము పతనం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. వాక్యం మీద నీకు మంచి పట్టుంది. వచనాల సంఖ్యల్లో ఒక్క తప్పు కూడా దొర్లలేదు, మన పత్రికల్లో ఈమధ్య అది అరుదైపోయింది. అయితే చదువుతున్నంతసేపూ ఒకటే అనిపించింది. నువ్వు నగరం బయట, బబులోను సైన్యం పక్కన నిలబడి రాశావు. మంటలు నీకు బాగానే కనిపిస్తున్నాయి. లోపలున్నవాళ్ల ముఖాలే కనిపించడం లేదు.

యిర్మీయా ప్రవక్త అక్కడ నిలబడలేదు. ఆ నగరం కూలుతుందని నలభై ఏళ్లపాటు చెప్పినవాడు, అది కూలేటప్పుడు దాని లోపలే ఉన్నాడు. బందీగృహపు ఆవరణలో అతనికి రొట్టెలు కాల్చేవాళ్ల వీధినుంచి రోజుకో రొట్టె ఇచ్చేవారట, నగరంలో రొట్టెలు అయిపోయేదాకా. అతని గ్రంథంలో 37వ అధ్యాయం చివరి వచనం అది. తాను ప్రకటించిన కరవునే తానూ తిన్నాడు. తీర్పును గురించి రాసే హక్కు అతనికి అక్కడినుంచి వచ్చింది.

నీ మూడో పేరాలో "ప్రజలు పాపం చేశారు, దేవుడు శిక్షించాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఏ పాపం? అది చెప్పకపోతే తీర్పు అనే మాట గాలిలో వేలాడుతుంది. 34వ అధ్యాయం తియ్యి. ముట్టడి బిగిసింది. యూదాలో ప్రాకారాలున్న పట్టణాల్లో యెరూషలేము కాక లాకీషు, అజేకా మాత్రమే మిగిలాయని అక్కడ ఉంది. 1935లో లాకీషు శిథిలాల్లో సిరాతో రాసిన కుండపెంకుల ఉత్తరాలు బయటపడ్డాయి. లాకీషు సంకేతాల కోసం కనిపెట్టుకుని ఉన్నాం, అజేకా మాకు కనబడటం లేదు అని వాటిలో ఒకటి చెబుతుంది. ఆ మాట రాసినవాడికి ఎంత దడ పుట్టి ఉంటుందో ఆలోచించు. సరిగ్గా ఆ భయంలోనే సిద్కియా రాజు ఒక నిబంధన చేయించాడు: హెబ్రీ దాసదాసీలందరినీ విడిచిపెట్టాలని. దూడను రెండుగా కోసి, ఆ భాగాల మధ్యగా నడిచి మరీ ప్రమాణం చేశారు. ఏడో ఏట దాసుణ్ణి వదిలేయాలన్నది అంతకుముందే ధర్మశాస్త్రంలో ఉంది. ఎన్ని తరాలు దాన్ని పక్కన పెట్టారో. ఇంతలో ఐగుప్తునుంచి ఫరో సైన్యం బయలుదేరిందన్న వార్త వచ్చింది, కల్దీయులు, అంటే బబులోనువాళ్లు, ముట్టడి సడలించి వెనక్కి తగ్గారు. గండం గడిచిందనుకున్నారు. అంతే, వదిలిన మనుషుల్ని మళ్లీ పట్టి తెచ్చుకున్నారు.

నా మాట విని ఈ ఘట్టానికి కనీసం ఒక పేజీ ఇవ్వు. వారం రోజులు స్వేచ్ఛ రుచి చూశాక మళ్లీ ఆ ఇంటి గుమ్మానికే తిరిగొచ్చిన దాసి ఎలా ఉండి ఉంటుందో (వారమో నెలో వాక్యం చెప్పదు, నువ్వూ చెప్పకు) పాఠకుడు ఊహించుకోగలిగితే, ఆ తర్వాత దేవుని కోపం గురించి నువ్వు వివరించాల్సింది ఏమీ ఉండదు. "మీరు స్వేచ్ఛ చాటించలేదు కాబట్టి నేను మీకు స్వేచ్ఛ చాటిస్తున్నాను, కత్తికీ తెగులుకూ కరవుకూ" అన్న అర్థంలో దేవుడు మాట్లాడతాడు అక్కడ. ఇంత చేదు వ్యంగ్యం దేవుని నోట వినిపించే చోట్లు లేఖనాల్లో ఎక్కువ లేవు.

ఇప్పుడు హనన్యా సంగతి. అతన్ని "అబద్ధ ప్రవక్త" అని ఒక్క దెబ్బతో కొట్టేశావు. అబద్ధ ప్రవక్తే, కాదనను. కానీ 28వ అధ్యాయాన్ని నెమ్మదిగా చదువు. రెండేళ్లలో ఆలయ ఉపకరణాలన్నీ బబులోను నుంచి తిరిగొస్తాయి, చెరపట్టుకుపోయినవాళ్లూ వస్తారు అని హనన్యా జనమంతా వింటుండగా ప్రకటించాడు. యిర్మీయా మొదట అన్న మాట ఏమిటి? ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు! తన ప్రవచనం తప్పై, ఎదుటివాడి ప్రవచనమే నిజమైతే బాగుండునని కోరుకున్నాడు. ఇది వెటకారం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. బబులోనుకు లోబడాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడమీద కాడి మోస్తున్నాడు. తర్వాత హనన్యా ఆ కాడి విరిచేస్తే, యిర్మీయా మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. దేవుని దగ్గరనుంచి మాట వచ్చాకే తిరిగొచ్చాడు. తీర్పు మీద రాసే ప్రతివాడూ ఈ ఘట్టం దగ్గర తనను పరీక్షించుకోవాలి: నేను రాస్తున్న హెచ్చరిక నిజం కాకపోతే నాకు సంతోషమేనా?

ఈ ప్రశ్న ఎందుకంటే, నీ వ్యాసంలో 1977 దివిసీమ ఉప్పెన ప్రస్తావన తెచ్చి, అది కూడా తీర్పే అన్నావు. తీసెయ్. మెల్లగా సర్దడం కాదు, పూర్తిగా తీసెయ్. ఆ నవంబరు 19న కొట్టుకుపోయిన వేలమందిలో ప్రార్థన చేస్తూ పోయినవాళ్లున్నారు, పాలుతాగే పిల్లలున్నారు. యెరూషలేము విషయంలో ముందుగా పంపిన ప్రవక్తలున్నారు, పేరుపెట్టి చెప్పిన పాపం ఉంది. ఉప్పెన విషయంలో నీకు ఆ మాట ఎవరు చెప్పారు? సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వాళ్లు యెరూషలేములో అందరికన్నా పాపులనుకుంటున్నారా అని యేసు అడిగాడు, కాదు అని తానే చెప్పాడు. ఆ వెంటనే వేలు వింటున్నవాళ్ల వైపు తిప్పి మారుమనస్సు సంగతి ఎత్తాడు. లూకా 13. అదే సువార్త 19వ అధ్యాయంలో ఆ నగరానికి రాబోయే ముట్టడి గురించి చెబుతూ ఆయన ఏడ్చాడు. ఏడుపు ముందు, హెచ్చరిక తర్వాత. ఆ వరుస మార్చకు.

దేవుని నమ్మకత్వం గురించి నువ్వు రాసిన భాగంలో విశేషణాలు ఎక్కువ, సంగతులు తక్కువ. 32వ అధ్యాయంలోని పొలం సంగతి వదిలేశావేం? ముట్టడి దిబ్బలు గోడల దాకా వచ్చాయి. ప్రవక్త ఖైదులో ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతు పొలం కొనమన్నాడు. శత్రు సైన్యం తిరుగుతున్న నేల! పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు యిర్మీయా. సాక్షులు, ముద్ర, ముద్ర వేసిన ప్రతి, వేయని ప్రతి, మన రిజిస్ట్రార్ ఆఫీసు తంతు అంతా ఉందక్కడ. పత్రాలు చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమని తన లేఖికుడు బారూకుకు చెప్పాడు. నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి ప్రార్థన. నగరం కల్దీయుల చేతికి పోతుంటే నువ్వు నన్ను పొలం కొనమన్నావే అని, డబ్బు కట్టేశాక, దేవుణ్ణే అడుగుతాడు. లోబడ్డాడు, అయినా అర్థం కాలేదని దాచుకోలేదు. ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టి రాయి.

ఇక విలాపవాక్యములు, ఆ నగరం పతనం మీది శోకగీతాల గ్రంథం. దాన్ని రాసింది యిర్మీయా అని సంప్రదాయం. గ్రంథంలో పేరు లేదు, కాబట్టి "కవి" అని రాస్తే చాలు. "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది" అన్న వచనంతో నీ వ్యాసం మొదలుపెట్టావు. క్యాలెండర్ల మీద అచ్చువేసే మాట కనుక పాఠకుడికి వెంటనే అందుతుందనుకున్నావేమో. కానీ ఆ వచనం 3వ అధ్యాయం నడుమ ఉంది. దానికి ముందు కవి దేవుణ్ణి పొంచివున్న ఎలుగుబంటి అన్నాడు, విల్లు ఎక్కుపెట్టి తననే గురిచూస్తున్నాడన్నాడు. అంతకుముందు అధ్యాయంలో తల్లులు కన్నబిడ్డల్ని తిన్నారు. ఇవన్నీ దాటి వచ్చినవాడికే ఆ మాట పలికే హక్కుంది. నీ పాఠకుణ్ణి కూడా ఆ దారినే నడిపించు. "హృదయపూర్వకముగా ఆయన నరులకు విచారమునైనను బాధనైనను కలుగజేయడు" అన్న 33వ వచనం మాత్రం వదలకు. నా మటుకు నాకు తీర్పు వేదాంతమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

దాని కట్టుబడి గురించి కూడా రెండు ముక్కలు చెప్పు. మొదటి నాలుగు అధ్యాయాలూ 22 అక్షరాల హెబ్రీ అక్షరమాల వరుసలో నడుస్తాయి. మూడోదాంట్లో ఒక్కో అక్షరానికి మూడేసి వచనాలు, మొత్తం 66. ఐదో అధ్యాయానికీ 22 వచనాలే ఉన్నాయి, అక్షరాల వరుస మాత్రం లేదు. ఏడుపు చివరికి ఆ కట్టు కూడా తెంచుకుందని నేననుకుంటాను, పండితులు ఒప్పుకోకపోవచ్చు.

మళ్లీ రాసేటప్పుడు "ప్రియులారా" లన్నీ కొట్టెయ్. మూడు అంశాలుగా విడగొట్టడం మానెయ్. నీ ముగింపు పేరా అక్కర్లేదు. విలాపవాక్యములు 5వ అధ్యాయం 22వ వచనం దగ్గర, నీవు మమ్మల్ని బొత్తిగా విసర్జించావు అన్నచోట ఆపు. ఆదరణ మాటతో ముగించమని సంపాదకుడు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. ఏటా ఆలయం కూలిన రోజును తలచుకుంటూ యూదులు ఈ గ్రంథాన్ని బిగ్గరగా చదివినప్పుడు 22 అయ్యాక "మమ్మును నీతట్టు త్రిప్పు" అనే 21వ వచనాన్ని మరోసారి చదువుతారు. నువ్వూ అదే చెయ్యి, సొంతంగా ఇంకేదీ చేర్చకు. క్రిస్మస్ సంచిక పని మొదలవకముందే పంపితే నేనూ ఒకసారి చూస్తాను.

ప్రభువు ప్రేమలో,
నీ అన్న