ఎమ్మెల్యేకు రోజంతా ఏం పని ఉంటుంది? క్యాంపు కార్యాలయంలో పనిచేసిన అనుభవంతో ఒక సమాధానం

ఎమ్మెల్యేలు పెళ్లిళ్లకు, పరామర్శలకు తిరగడం తప్ప చేసే పని ఏమైనా ఉంటుందా, అసలు ఏ పని మీద వారి దగ్గరికి వెళ్లాలి అని మీరు అడిగారు. తెలంగాణలోని ఒక గ్రామీణ నియోజకవర్గ ఎమ్మెల్యే దగ్గర నేను కొంతకాలం సహాయకుడిగా పనిచేశాను. వచ్చిన అర్జీలు చదవడం, సిఫారసు లేఖలు తయారుచేయడం, శాసనసభ సమావేశాలకు ముందు ప్రశ్నలు రాసిపెట్టడం నా పని. పార్టీ పేరు, ఊరి పేరు ఈ సమాధానానికి అవసరం లేదు కనుక వాటిని పక్కన పెడుతున్నాను.

ఎమ్మెల్యేకు సంతకం ఉంటుంది గానీ ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉండదు. ఈ ఒక్క విషయం తెలిస్తే ఆయన దినచర్య మొత్తం అర్థమవుతుంది. పింఛను మంజూరు చేసేది, పట్టాదారు పాసుపుస్తకంలో తప్పు సరిచేసేది, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చేది, రోడ్డుకు టెండరు పిలిచేది అందరూ అధికారులే. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య సభ్యుల సంఖ్యలో 15 శాతం మించకూడదు కాబట్టి, 119 స్థానాలున్న తెలంగాణ శాసనసభలో ముఖ్యమంత్రితో కలిపి 18 మందికే మంత్రి పదవులు దక్కుతాయి. మిగిలిన వంద మందికి రోజంతా ఉండే పని ఒక్కటే: చేయగలిగిన వాళ్లను అడగడం, చేసేదాకా వెంటపడటం. నియోజకవర్గ అభివృద్ధి నిధుల విషయంలోనూ ఎమ్మెల్యే ప్రతిపాదన పంపుతారే తప్ప చెక్కు రాయరు. పరిపాలనా మంజూరు కలెక్టరు దగ్గర నుంచి రావాలి.

క్యాంపు కార్యాలయంలో జనం తెల్లవారకముందే చేరతారు. హైదరాబాదుకు బయలుదేరేలోపే ఆయనను పట్టుకోవాలన్నది అందరి ఆలోచన. ఉదయం వచ్చే అర్జీల్లో ఎక్కువ భాగం వైద్యం ఖర్చులవే. ప్రైవేటు ఆస్పత్రిలో డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నవారు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెడతారు. నిమ్స్ వంటి ప్రభుత్వ ఆస్పత్రిలో చికిత్సకు ముందే భరోసా కావలసినవారు ఎల్‌ఓసీ కోసం, అంటే ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆస్పత్రికి ఇచ్చే హామీ లేఖ కోసం వస్తారు. ఒకనాడు ఒక పెద్దాయన పాలిథిన్ కవరులో బిల్లులు మడిచి పెట్టుకుని వచ్చారు. కొడుకు బైకు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. డిశ్చార్జి సమ్మరీ ఉంది, మందుల చీటీలన్నీ వరుసగా ఉన్నాయి, చివరి బిల్లు మాత్రం జిరాక్సు. అసలుది ఆస్పత్రివాళ్లు ఇవ్వలేదు. “సారు సంతకం పెడితే అయితది గద బిడ్డా” అని ఆయన నన్నే అడిగారు. అసలు బిల్లు లేని దరఖాస్తు సచివాలయంలో మొదటి బల్ల దాటదు. ఎమ్మెల్యే ఆ పూట సంతకం పక్కన పెట్టి, ఆస్పత్రి మేనేజరుకు ఫోన్ చేసి, ముద్ర వేసిన అసలు బిల్లు ఇప్పించారు. ఆ తర్వాతే ఆ దరఖాస్తు ముందుకు కదిలింది. బయట నుంచి చూసేవారికి కనిపించేది చివర్లో చెక్కు అందిస్తూ దిగిన ఫొటో ఒక్కటే.

పేదింటి ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి కూడా ఇలాంటిదే. 1,00,116 రూపాయల ఆ సాయం వధువు తల్లి పేరిట చెక్కుగా వస్తుంది. రెవెన్యూ సిబ్బంది విచారణ, ఎమ్మెల్యే సంతకం, ఆర్డీవో మంజూరు అన్నీ పూర్తయ్యేసరికి కొన్ని ఇళ్లలో మనవడో మనవరాలో పుట్టేస్తారు. ఆలస్యం ఏ బల్ల దగ్గర జరిగినా తిట్లు పడేది మాత్రం చెక్కు పంచిన ఎమ్మెల్యేకే.

సిఫారసు లేఖ గురించి చాలామందికి ఉన్న అభిప్రాయం వేరు, దాని అసలు బలం వేరు. “పరిశీలించి తగు చర్య తీసుకోగలరు” అని రాసి సంతకం చేసిన కాగితాన్ని అధికారులు ప్రతిరోజూ చూస్తారు, ఫైల్లో పెడతారు. అదే లేఖ వెనుక ఎమ్మెల్యే నుంచి ఒక ఫోన్, వారం తర్వాత కార్యాలయం నుంచి ఇంకో ఫోన్ వెళితే దాని విలువ మారిపోతుంది. అందుకే మా దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. ఏ లేఖ ఏ కార్యాలయానికి వెళ్లింది, ఎవరితో మాట్లాడాం, ఏం జవాబు చెప్పారు అన్నది అందులో రాసేవాళ్లం. నా దృష్టిలో మంచి ఎమ్మెల్యేను గుర్తించడానికి ఆయన ప్రసంగాల కంటే ఆ రిజిస్టరే ఎక్కువ పనికొస్తుంది. తిరుమల దర్శనం లేఖల కోసం వచ్చే ఒత్తిడి గురించి ఇక్కడ రాయకపోవడమే మేలు, అది వేరే పురాణం.

అన్నిటికంటే చిక్కైనవి పోలీసు స్టేషను ఫోన్లు. గట్టు తగాదాలోనో, అప్పు వ్యవహారంలోనో ఎస్సైకి ఒక మాట చెప్పమని రెండు పక్షాలూ వస్తాయి, ఇద్దరూ ఓటర్లే. సివిల్ వివాదంలో ఎమ్మెల్యే తలదూర్చడం తప్పని నేను అనుకుంటాను. కానీ కాదన్నప్పుడు గుమ్మం దాటుతూనే వచ్చినాయన అనే మాట “గెలిచినంక మమ్ముల మరిచిండు” అన్నదే. కేసు నమోదు చేయడానికే నిరాకరిస్తున్నారన్న ఫిర్యాదు మీద మాత్రం ఫోన్ చేయడం న్యాయమే.

ఇక మీరు అడిగిన పెళ్లిళ్లు, పరామర్శల సంగతి. పెళ్లిళ్ల గురించి మీ అనుమానం సగం నిజమే. మంచి ముహూర్తం ఉన్న రోజున ఒక మండపం నుంచి ఇంకో మండపానికి పరుగులు తీయడం తప్ప అందులో పెద్ద ప్రయోజనం నాకు కనిపించలేదు. అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోజనం చేయమంటే దండం పెట్టి బయటపడటమే. పరామర్శ అలాంటిది కాదు. మనిషి పోయిన ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ కుటుంబానికి రావలసినవి ఏమిటో తెలుస్తాయి. పోయిన వ్యక్తి 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు రైతు అయి రైతుబీమాలో పేరుంటే 5 లక్షల రూపాయలు నామినీకి రావాలి. 2018 ఆగస్టులో ఈ పథకం మొదలైంది. ఆ ఇంట్లో ఏడుస్తున్నవాళ్లకు నామినీగా ఎవరి పేరు రాయించారో గుర్తుండదు. బీమా సొమ్ము ఉందన్న సంగతే కొందరికి తెలియదు. ఎమ్మెల్యే అరుగు మీద కూర్చుని పెద్దవాళ్లతో మాట్లాడుతుండగా, నేను పక్కకు వెళ్లి పాసుపుస్తకం నంబరు రాసుకుని, అక్కడి నుంచే వ్యవసాయ విస్తరణాధికారికి ఫోన్ చేసేవాడిని. పొలం ఇంకా తాత పేరు మీదే ఉందని తేలిన ఇళ్లలో మాత్రం చెప్పడానికి మాట దొరికేది కాదు, ఎందుకంటే పట్టా లేని రైతుకు ఆ బీమా వర్తించదు.

మధ్యాహ్నాలు సాధారణంగా మండల పరిషత్, జిల్లా పరిషత్, మున్సిపల్ సమావేశాలతో, శంకుస్థాపనలతో గడుస్తాయి. శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలన్న ప్రోటోకాల్ గొడవలకు వెచ్చించిన సమయంతో ఒక చిన్న కల్వర్టు కట్టేయవచ్చు.

శాసనసభలో పని గురించి మాత్రం మీరు అడగలేదు, నియోజకవర్గంలో కూడా ఎవరూ అడగరు. రాజ్యాంగం ప్రకారం ఒక సమావేశం ముగిసి మరొకటి మొదలవడానికి మధ్య ఆరు నెలలు దాటకూడదు. ఆ నియమానికి లోబడి సభ జరిగే రోజులు ఏడాదిలో తక్కువే. బిల్లుల మీద సాధారణ సభ్యుడికి స్వేచ్ఛ కూడా తక్కువ. 1985లో పార్టీ ఫిరాయింపులను అరికట్టడానికి రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు తర్వాత పార్టీ విప్‌ను, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. అయినా ఆయన చేతిలో ఉన్న అసలైన ఆయుధం అక్కడే ఉంది, అది ప్రశ్న. మా మండలంలో వానాకాలం వస్తే రాకపోకలు ఆగిపోయే ఒక వాగు మీద వంతెన ప్రతిపాదన చాలాకాలం కదలలేదు. లేఖలు వెళ్లాయి, ఫోన్లు వెళ్లాయి, “అంచనాలు పంపాం సార్” అన్న జవాబు వస్తూనే ఉంది. దాన్ని ప్రశ్నగా రాసి నోటీసు ఇచ్చి, అది స్పీకర్ ఆమోదం పొందగానే, అంతవరకు మేము ఫోన్ చేసినా ఎత్తని ఇంజినీరింగ్ కార్యాలయం వాళ్లే మాకు ఫోన్ చేసి వాగు పేరు, ఊళ్ల పేర్లు అడిగారు. సభలో మంత్రి జవాబు చెప్పాలంటే సచివాలయం నుంచి డివిజన్ కార్యాలయం దాకా ప్రతి ఒక్కరూ ఆ ఫైలు తీసి నోట్ రాయక తప్పదు. ఆ ప్రశ్న సభలో చర్చకు వచ్చేలోపే సమయం అయిపోయింది, లిఖితపూర్వక సమాధానమే దొరికింది. కానీ అంచనాలు ఎక్కడ ఆగాయో, ఎందుకు ఆగాయో అందులో అక్షరాలా ఉంది. ఆ కాగితం చేతిలో ఉన్న తర్వాత ఆర్థిక శాఖలో ఎవరిని కలవాలో వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

ఏ పనికి వెళ్లాలన్న మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. పింఛను, భూమి రికార్డు వంటి వ్యక్తిగత సమస్య అయితే ముందు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి, దాని రసీదుతో ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లండి. నంబరు ఉన్న అర్జీని వెంటపడి అడగడం సులువు. ఉద్యోగం ఇప్పించమనో, బదిలీ ఆపమనో వెళ్లేవారికి మంచి మాటలు తప్ప ఇంకేమీ దొరకడం నేను అరుదుగానే చూశాను. రోడ్డు, వంతెన, పాఠశాల గది వంటి ఊరుమ్మడి పని అయితే గ్రామసభ తీర్మానం నకలు, అధికారులు వేసిన అంచనా ఉంటే అదీ, ఇంతకుముందు ఇచ్చిన అర్జీల తేదీలు ఒకే కాగితం మీద రాసి ఇవ్వండి. అది బడ్జెట్ సమావేశాలకు బాగా ముందే ఆయన సిబ్బంది చేతికి అందాలి. సభ మొదలయ్యాక తెస్తే ఆ విడతకు ప్రశ్నల నోటీసు గడువు దాదాపుగా దాటిపోయి ఉంటుంది.