నొక్కాలా, ఆగాలా? – అప్‌డేట్ల మీద పాఠకుల ప్రశ్నలు

కంప్యూటర్ సందేహాలు పంపమని అడిగితే ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి: తెర మీద అప్‌డేట్ అని పడుతోంది, నొక్కాలా వద్దా? దీనికి అందరికీ సరిపోయే జవాబు ఒకటి లేదు. బ్రౌజర్‌కు ఒక లెక్క, విండోస్‌కు ఒక లెక్క, కూడు పెట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇంకో లెక్క.

ప్రశ్న: రెండు మూడు వారాలకోసారి క్రోమ్ అప్‌డేట్ చేయుమని సతాయిస్తది. చేయకపోతే ఏమైతది? ఫోన్ హాట్‌స్పాట్ మీదనే నడిపిస్త, డేటా అంత అయిపోతదా?
– పాఠకుడు, మిర్యాలగూడ

బ్రౌజర్ విషయంలో వాయిదా వద్దు. చూపించిన రోజునే చేయండి. 2021లో క్రోమ్ కొత్త వెర్షన్ నాలుగు వారాలకోసారి రావడం మొదలైంది. మధ్యమధ్యలో వచ్చే చిన్న అప్‌డేట్లు ఎక్కువగా భద్రతా లోపాలను పూడ్చేవే. లోపాన్ని పూడ్చిన అప్‌డేట్ బయటకు వచ్చిందంటే, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఆ కంత ఎక్కడుందో ఎవరైనా కనిపెట్టగలరు. అంటే అప్‌డేట్ వచ్చాక కూడా పాతదే వాడేవాడికి, అది రాకముందుకన్నా ప్రమాదం ఎక్కువ.

పై కుడి మూల మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో అబౌట్ గూగుల్ క్రోమ్ తెరవండి. తెరవగానే అదే వెతికి దించుకుంటుంది. దించుకున్నంత మాత్రాన పని కాలేదు, రీలాంచ్ నొక్కితేనే కొత్తది ఎక్కుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కంప్యూటర్‌ను ఆపకుండా మూత మూసి నిద్రపుచ్చుతూ పోతే, అప్‌డేట్ డిస్కులో దిగి ఉన్నా వారాల తరబడి పాతదే నడుస్తుంటుంది.

రీలాంచ్ చేస్తే మామూలు ట్యాబ్‌లు తిరిగి వస్తాయి, రాకపోతే కంట్రోల్, షిఫ్ట్, టీ కలిపి నొక్కండి. ఇన్‌కాగ్నిటో కిటికీలు మాత్రం రావు. సగం నింపిన ఫారాల్లో రాసినది కూడా పోతుంది, కాబట్టి పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతూ మధ్యలో ఆ బటన్ జోలికి పోకండి. డేటాకు భయం అక్కర్లేదు, మామూలుగా మారిన భాగమే దిగుతుంది. డేటా తాగేది విండోస్. సెట్టింగ్స్‌లో మీ వైఫై పేరు మీద నొక్కి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేస్తే హాట్‌స్పాట్ మీద పెద్ద డౌన్‌లోడ్లు చాలావరకు ఆగుతాయి.

ఒక హెచ్చరిక: ఏదో వెబ్ పేజీ మధ్యలో 'మీ క్రోమ్ పాతబడింది, ఇక్కడ నొక్కి దించుకోండి' అని వస్తే అది మోసం. అసలు అప్‌డేట్ పేజీలో రాదు, ఆ మూడు చుక్కల దగ్గరే వస్తుంది.

ప్రశ్న: ఇంట్ల పాత డెస్క్‌టాప్ ఉంది. బ్యాంకు సైట్ తెరిస్తే 'కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటుంది. బ్రౌజర్ తీసేసి మళ్ళా వేసినా పోలేదు. విండోస్ మార్చాలె అంటున్నరు.
– పాఠకురాలు, జడ్చర్ల

విండోస్ మార్చే ముందు తెర కింది మూల తేదీ చూడండి. ఏళ్ల వెనకటి తేదీ కనిపిస్తే తప్పు బ్రౌజర్‌దీ కాదు, విండోస్‌దీ కాదు. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. ప్రతి సైట్‌కూ తాను అసలుదేనని చూపే ధ్రువపత్రం ఉంటుంది, దానికి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. మీ గడియారం వెనక్కి పోతే ఆ పత్రం ఇంకా పుట్టనట్టే లెక్క, బ్రౌజర్ ఒప్పుకోదు. కరెంటు తీసి పెట్టినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే ఇక అనుమానమే లేదు.

దాని పేరు సీఆర్2032, మూడు వోల్టులది, గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది. తీసే ముందు బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే అమరికల తెర) పోయి బూట్ వరుస, సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఉన్న పేజీలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత పవర్ తీగ గోడ దగ్గరే పీకి, పక్క మూత తెరిచి, బిళ్ల పక్కనున్న చిన్న కొక్కేన్ని నొక్కితే అది పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. బ్యాటరీ తీసినప్పుడు బయోస్ మొదటి అమరికకు పోవచ్చు. సాటా మోడ్ మారిందంటే విండోస్ నీలి తెర చూపి ఆగిపోతుంది, కొత్త బ్యాటరీ వేసి కంప్యూటర్ పాడు చేశామని కంగారు పడతారు. ఫొటోలో ఉన్నట్టు తిరిగి పెడితే చాలు.

తేదీ సరిగ్గానే ఉండి కూడా చాలా సైట్లకు ఇదే హెచ్చరిక వస్తుంటే అప్పుడు పాతబడ్డ సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాలి. ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ తన నమ్మకపు ధ్రువపత్రాల జాబితాను తానే మోసుకొస్తుంది కాబట్టి పాత విండోస్ మీద కూడా కొంతకాలం నెట్టుకొస్తుంది. అదీ కొత్తదైతేనే. 2025 మార్చి 14న దాని మూల ధ్రువపత్రం ఒకటి గడువు తీరి, 128 కన్నా పాత ఫైర్‌ఫాక్స్‌లలో యాడ్-ఆన్లు పని చేయకుండా పోయాయి. పాత విండోస్ 7, 8 వాళ్ల కోసం ఉంచిన 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే వెర్షన్)లో 115.13 నుంచి ఆ ఇబ్బంది లేదు.

ప్రశ్న: ఐ5 ఆరో తరం లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్, విండోస్ 10. దుకాణం ఆయన 'విండోస్ 10 బందయింది, 11 వేస్త, చెకింగ్ దాటేసే పద్ధతుంది' అంటున్నడు. ఇంకొకాయన కొత్తది కొనుమంటున్నడు.
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసిన మాట నిజం. కానీ ఇళ్లలో వాడేవారికి భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబర్ 13 దాకా పొడిగిస్తూ మైక్రోసాఫ్ట్ ఒక పథకం పెట్టింది. మీ వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. విండోస్ గుర్తు కీ, ఆర్ కలిపి నొక్కి డబ్ల్యూ-ఐ-ఎన్-వీ-ఈ-ఆర్ అని కొడితే వెర్షన్ చెబుతుంది. విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అనే లంకె ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు.

క్రోమ్ సంగతీ చూడండి. విండోస్ 7కు మద్దతు 2020 జనవరిలో పోతే, క్రోమ్ దాని మీద 2023 జనవరిలో వచ్చిన 109 దాకా నడిచింది, అంటే మూడేళ్లు. విండోస్ 10కూ అంతే కాలం దొరుకుతుందని హామీ ఏమీ లేదు. అయితే విండోస్ మద్దతు పోయిన మర్నాడే బ్రౌజర్ పోదని మాత్రం తెలుస్తోంది.

ఇక విండోస్ 11. దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 (భద్రతా తాళాలు దాచే చిప్) కావాలి. ఎనిమిదో తరం మెషిన్‌లోనే టీపీఎం లేదని వస్తే అది తరచూ బయోస్‌లో ఆపేసి ఉన్నదే. ఇంటెల్ వాటిలో పీటీటీ, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది, ఆన్ చేస్తే సరి. మీది ఆరో తరం కాబట్టి అధికారికంగా కుదరదు. చెకింగ్ దాటేసి వేస్తే నడుస్తుంది. కానీ అలాంటి మెషిన్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ పూచీ పడదు. ఏటా వచ్చే పెద్ద వెర్షన్‌ను ప్రతిసారీ మళ్లీ చేత్తోనే ఎక్కించుకోవాలి. దుకాణం ఆయన ప్రతి ఏడూ వచ్చి చేసిపెట్టేట్టయితే సరే!

అసలు మీ బాధ నెమ్మదితనం అయితే అది విండోస్ నంబరుతో పోయేది కాదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి డిస్క్ చూడండి. కంప్యూటర్ పెట్టిన పది నిమిషాల దాకా 100 శాతం దగ్గరే ఉంటే ఆ నెమ్మది హార్డ్‌డిస్క్ వల్లే. దాని బదులు 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించండి. ర్యామ్ కొనే ముందు పాత పలక మీద రాసింది చదవండి. ఆరో తరం లాప్‌టాప్‌లలో కొన్నింటిలో డీడీఆర్3ఎల్, కొన్నింటిలో డీడీఆర్4 ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

2026 అక్టోబర్ తర్వాత, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ మంచి దారి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, డిస్క్‌ను ముట్టకుండా దాని నుంచే నడిపి వైఫై, శబ్దం, ప్రింటర్ చూసుకోవచ్చు. ప్రింటర్ తప్పకుండా చూడండి. మన జిల్లాల్లో వీధికొకటి ఉన్న కానన్ ఎల్‌బీపీ2900 లాంటివి లినక్స్‌లో అంత సులువుగా లొంగవు.

డబ్బు కట్టకుండా విండోస్ యాక్టివేట్ చేసే టూల్ ఎవరైనా వేస్తానంటే వద్దనండి. అవి ఎక్కాలంటే ముందు విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపమంటాయి. తలుపు తీసి పెట్టి, తర్వాత తాళం గురించి మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

ప్రశ్న: పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేస్తం. విండోస్ 7, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది. కొత్త విండోస్ వేస్తే అను నడుస్తదా?
– డీటీపీ ఆపరేటర్, నల్లగొండ

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత దానికి పెద్ద కొత్త వెర్షన్ రాలేదు. మీ అను ఏ వెర్షన్, డాంగిల్ (యూఎస్‌బీలో పెట్టే లైసెన్స్ ముక్క) ఉన్నదా లేనిదా అన్నదాన్ని బట్టి కొత్త విండోస్ మీద నడవనూ వచ్చు, మొండికేయనూ వచ్చు. ముహూర్తాల కాలంలో ఆ జూదం ఆడకండి. ఆ మెషిన్‌ను అట్లాగే ఉంచి నెట్ తీగ పీకేయండి. మెయిల్, వాట్సాప్, బ్యాంకు పనులకు వేరే మెషిన్ పెట్టుకోండి, చవకదైనా ఫరవాలేదు.

అప్పుడు మిగిలే దారి పెన్‌డ్రైవ్. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ మీకు తెలిసిందే, అది ఈ దారినే వస్తుంది. కస్టమర్ పెన్‌డ్రైవ్‌ను ముందు నెట్ ఉన్న మెషిన్‌లో పెట్టి స్కాన్ చేసి, కావలసిన ఫైలును మాత్రం మీ సొంత పెన్‌డ్రైవ్‌లో పాత మెషిన్‌కు తీసుకుపోండి.

ఇంకో పని ఈ వారమే చేయండి: క్లోన్‌జిల్లాతో మొత్తం డిస్క్ నకలు ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లోకి. పదేళ్లు దాటిన డిస్క్ చెప్పి పోదు, అది పోతే ఆ ఫాంట్లు, డ్రైవర్లు, అమరికలు మళ్లీ కూడగట్టడం కష్టం.

పాత పత్రికల మ్యాటర్‌ను వెబ్‌లో పెట్టాలంటే, అన్ని మెషిన్లకూ తెలిసిన అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్చాలి. అను లాంటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చోబెడతాయి, అందుకే ఫాంట్ లేని చోట పిచ్చి గీతలు కనిపిస్తాయి. కన్వర్టర్లు చాలావరకు సరిగ్గానే మారుస్తాయి గానీ వత్తుల దగ్గర, ముఖ్యంగా ఒకే అక్షరం కింద రెండు వత్తులు వచ్చినప్పుడు, తడబడతాయి. పేర్లు, ఇంటిపేర్లు, ఊరి పేర్లు ఒకటికి రెండుసార్లు చదవండి. పెండ్లి పత్రికలో వియ్యంకుడి పేరు తప్పు పడితే ఏమవుతుందో మీకు చెప్పాలా!

ప్రశ్న: మిల్లు లెక్కలన్ని టాలీ ఈఆర్‌పీ 9ల ఉన్నయి. టాలీ ప్రైమ్‌కు ఎప్పుడు మారాలె?
– పత్తి మిల్లు గుమాస్తా, మహబూబ్‌నగర్

పత్తి సీజన్‌లో వద్దు. నెలలో 7 నుంచి 20 దాకా కూడా వద్దు. 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ గడువులు ఉంటాయి. 21 తర్వాత ఒక ఆదివారం పెట్టుకోండి.

ముందు డేటా ఫోల్డర్‌ను రెండు చోట్ల కాపీ చేయండి, ఒకటి మిల్లు బయట ఉండాలి. ప్రైమ్ 3.0, ఆ తర్వాతి విడుదలలు పాత డేటాను కొత్త రూపంలోకి మారుస్తాయి. ఒకసారి మారిస్తే అది పాతదాంట్లో తెరుచుకోదు. అందుకే కాపీ మీదే మార్చి చూడండి. ట్రయల్ బ్యాలెన్స్, సరుకు నిల్వ, నాలుగు పార్టీల లెడ్జర్లు పాతదాంతో పైసాతో సహా కలవాలి. కాటా చీటీ కోసమో, బిల్లు నమూనా కోసమో ఎవరితోనైనా టీడీఎల్ (టాలీకి అదనపు కోడ్) రాయించుకుని ఉంటే అది ప్రైమ్‌లో చెడే అవకాశం ఎక్కువ. రాసినవారిని ఆ ఆదివారం ఫోన్‌లో అందుబాటులో ఉండమనండి. టీఎస్ఎస్ (టాలీ అప్‌డేట్ల చందా) గడువు తీరి ఉంటే ముందు కట్టుకోవాలి, లేకుంటే కొత్త విడుదలకు లైసెన్స్ ఒప్పుకోదు.

ప్రశ్న: అప్‌డేట్ 30 శాతం దగ్గర ఉండంగ కరెంటు పోయింది. మళ్ల పెడితే గుండ్రంగ తిరుగుతనే ఉంది.
– పాఠకుడు, సూర్యాపేట

హార్డ్‌డిస్క్ మెషిన్ అయితే రెండు గంటలు తిరగనివ్వండి. డిస్క్ దీపం మిణుకుతోందంటే అది పని చేస్తున్నట్టే, చాలాసార్లు చేసిన మార్పులను తానే వెనక్కి తీసుకుని లేస్తుంది. దీపం చాలాసేపు కదలకపోతే, విండోస్ గుర్తు పడగానే పవర్ బటన్ పట్టి ఆపండి. అలా వరసగా మూడుసార్లు చేస్తే రిపేర్ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. నెలవారీ అప్‌డేట్ అయితే క్వాలిటీ, పెద్ద వెర్షన్ అయితే ఫీచర్ ఎంచుకోండి. అక్కడ 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్ తాళం) కీ అడిగితే, ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి చూడండి, సాధారణంగా అక్కడ దాచి ఉంటుంది.

ఇక ముందు: విండోస్ నెలవారీ అప్‌డేట్ అమెరికాలో నెలలో రెండో మంగళవారం వస్తుంది, మనకు చేరేసరికి బుధవారం. ఇంట్లో వాడేవారు వారం పాజ్ చేసి, ఎక్కడా గొడవ లేదని తెలిశాక వేసుకుంటే నష్టం లేదు. పాజ్ 35 రోజుల దాకా కుదురుతుంది గానీ అంత లాగకండి. ఏటా వచ్చే పెద్ద వెర్షన్‌కు మాత్రం రెండు మూడు నెలలు ఆగడమే మంచిది. వేసుకునేటప్పుడు సీ డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ, ఇన్వర్టర్ గానీ నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీ గానీ చూసుకోండి. నచ్చకపోతే వెనక్కి పోయే గడువు పది రోజులే. ఆలోపు విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ను ఖాళీ కోసమని తుడిచేశారో, ఆ దారీ మూసుకుపోతుంది.

ప్రశ్న: ఒక పాత సైట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లనే తెరువుమంటది. అదేమో ఇప్పుడు లేదు.
– పాఠకుడు, నాగర్‌కర్నూల్

2022 జూన్‌లో దానికి సెలవిచ్చారు. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ పేజీకి పోయి, సైట్లను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో తెరవడానికి అలౌ ఇచ్చి, ఎడ్జ్‌ను ఒకసారి మూసి తెరవండి. తర్వాత అదే పేజీలో ఆ సైట్ చిరునామాను జాబితాలో చేర్చండి. ఆ ఒక్క సైట్‌నే చేర్చండి, బ్యాంకు సైట్లను అందులో పెట్టకండి. చేర్చింది 30 రోజులే ఉంటుంది, గడువు తీరాక మళ్లీ చేర్చుకోవాలి.