గుర్తుండిపోయే విలన్ ఎవరు? నా ఓటు చెమటోడ్చినవాడికే

ప్రశ్న: సినిమాల్లో, వీడియో గేముల్లో మీకు బాగా గుర్తుండిపోయిన విలన్ ఎవరు, హీరో ఎవరు? ఇద్దరిలో ఎవరు ఎక్కువ గుర్తుంటారు?

సినిమాల్లో విలన్, గేముల్లో హీరో. కథలో ఎవడు ఎక్కువ చాకిరీ చేస్తే వాడే గుర్తుంటాడు. సినిమాలో ఆ చాకిరీ విలన్ చేస్తాడు. గేములో హీరో చేస్తాడు, అంటే మనం చేస్తాం. దీనికి తిరుగులేదు.

'పాతాళ భైరవి' (1951) చూడండి. తోటరాముడు రాకుమారిని చూసి మనసు పారేసుకున్నాడు, రాత్రిపూట కోటలోకి దూరాడు, దొరికిపోయాడు. మిగతా పనంతా నేపాళ మాంత్రికుడిదే. కోరికలు తీర్చే ప్రతిమ సంగతి కనిపెట్టింది ఆయన. బలికి తగిన లక్షణాలున్న కుర్రాడి కోసం వెతుక్కుంటూ ఉజ్జయిని వచ్చింది ఆయన. తీరా చూస్తే బలైపోయిందీ ఆయనే. శిష్యుడు సదాజప బతికించాక, పోనీలే అని ఊరుకున్నాడా? మళ్లీ మొదలుపెట్టాడు. మొసలితో పోరాడినందుకు రాముడికి కొన్ని మార్కులు వేద్దాం, కాదనను. కానీ ఆ సినిమా అనగానే నా కళ్ల ముందుకొచ్చేది ఎస్వీ రంగారావే.

'దానవీరశూర కర్ణ' (1977)లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేసి దర్శకత్వం కూడా తానే చేశారు. సినిమా పేరు కర్ణుడిది. మా వీధిలో పెద్దవాళ్లు అప్పజెప్పే డైలాగులు మాత్రం దుర్యోధనుడివి.

అసలు విలన్ అంటే ఏమిటో నాకు తెలిసింది సినిమా హాల్లో కాదు. మాది బరంపురం. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే, సినిమాలూ తెలుగువే, బడి మాత్రం ఒడియా. గంజాం జిల్లా పల్లెల్లో 'ప్రహ్లాద నాటకం' అని రాత్రంతా ఆడతారు. 19వ శతాబ్దంలో జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద మొదలైన ఆట. ఒడియాలోనే ఉంటుంది గానీ పాటల్లో మన దక్షిణాది సంగీతం ఛాయలు కనిపిస్తాయి. పేరు ప్రహ్లాదుడిదని మోసపోకండి, ఆట మొత్తం హిరణ్యకశిపుడిది. వేదిక మెట్లు మెట్లుగా కడతారు, పైన సింహాసనం. జరీ అంగీ, కిరీటం, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా మీసం పెట్టుకుని ఆ మెట్ల మీద వాడు రాత్రంతా ఎక్కుతూ దిగుతూ ఉండాలి. పాడాలి, గెంతాలి, గర్జించాలి. మైకు ఉన్నా లేనట్టే అరవాలి.

చిన్నప్పుడు మామయ్య నన్ను స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని అమ్మమ్మగారి ఊరి పక్క పల్లెకి తీసుకెళ్లాడు. మా పక్కన ఒక ముసలమ్మ గోనెసంచి పరుచుకుని కూర్చుంది. హిరణ్యకశిపుడు కొడుకుని బెదిరించినప్పుడల్లా తెలుగులో శాపనార్థాలు పెట్టేది. నాకు ఆటకంటే ఆవిడే బాగుంది. ఏనుగుల చేత తొక్కిస్తానన్నప్పుడైతే లేచి నిలబడింది. "ఏటల్లుడూ, నిద్రొస్తోందా?" అని మామయ్య అడిగితే రావట్లేదన్నాను. నిజంగానే రాలేదు.

తెల్లవారుజామున మద్దెల వాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటుంటే మామయ్య టీ కోసం వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ హిరణ్యకశిపుడు బల్ల మీద కూర్చున్నాడు. అంగీ గుండీలు విప్పేశాడు, మెడ మీద రంగు చెమటకి కారిపోయింది. ఒకడు అట్టముక్కతో విసురుతున్నాడు. ప్రహ్లాదుడి వేషం కట్టిన పిల్లాడు గోడకి ఆనుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఇంతలో ఆ ముసలమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నా. కొంగులోంచి శొంఠి ముక్క తీసి వాడి చేతిలో పెట్టింది, గొంతుకి మంచిదని. వాడు తెలుగులోనే, "ఇంకా తెల్లారేదాకా లాగాలమ్మా" అన్నాడు.

"ఆ గుంటడ్ని ఒగ్గేసి తొంగోరాదా నాయినా" అంది.

వాడు నవ్విన నవ్వుకి గ్లాసులో టీ అంగీ మీద ఒలికింది. నవ్వుతూనే మీసం ఊడకుండా చేత్తో పట్టుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ లేచి, కిరీటం పెట్టుకుని, మెట్లెక్కి అదే గొంతుతో అరిచాడు. ముసలమ్మ వెనక్కొచ్చి తన గోనెసంచి మీద కూర్చుని మళ్లీ తిట్లు మొదలుపెట్టింది. నరసింహుడి ముఖం తొడుగుకి పూజ చేసి పెట్టుకుంటారు, పెట్టుకున్నవాడికి పూనకం వస్తుందని మనుషులు పట్టుకుంటారు. కానీ ఆయన వచ్చేది చిట్టచివర. రాత్రంతా బరువు మోసింది హిరణ్యకశిపుడు.

కథలోనూ వాడు కష్టజీవే కదా. తమ్ముణ్ణి వరాహం చంపింది, ఆ కడుపుమంటతో ఘోర తపస్సు చేశాడు, చావు పగలు రాకూడదు రాత్రి రాకూడదు, ఇంట్లో రాకూడదు బయట రాకూడదు అని గట్టి వకీలులాగా షరతులన్నీ ఒప్పించుకున్నాడు. ఇంత శ్రమపడ్డవాడి ముందు ఏ శ్రమా లేకుండా కొడుకు 'అంతా హరే' అంటే మండదా మరి?

ఇప్పటి సినిమాల్లో విలన్‌కి ఈ పని లేదు. ఏసీ గదిలో కూర్చుని ఫోన్ చేస్తాడు, పదిమందిని పంపిస్తాడు, వాళ్లు గాల్లో ఎగిరిపోతారు. ఇంకేం గుర్తుంటాడు? 'పుష్ప' (2021)లో ఎండలో కూలిపని నుంచి మొదలై పైకి పాకేది హీరోనే. అందుకే హీరో గుర్తున్నాడు. ఫహద్ ఫాజిల్ అంతటి నటుణ్ణి తెచ్చి మొదటి భాగంలో చివర్న పెట్టారు. 'అరుంధతి' (2009)లో పశుపతి నిలబడ్డాడంటే సమాధిలోంచి కూడా పని చేశాడు కాబట్టి. సోనూ సూద్ ముఖానికి గొంతు అరువిచ్చిన రవిశంకర్‌కి అందులో సగం వాటా ఇవ్వాలి. మా ఇంట్లో పిల్లలు ఇవే సినిమాలని టీవీలో హిందీలో చూస్తున్నారు. విలన్లందరిదీ ఒకే గొంతు. చెబితే వినరు.

ఇక గేములు. టీవీకి తగిలించే కాసెట్ గేములో మారియో ఆడినవాళ్లకి తెలుసు, చివర్న ఉండే ఆ రాక్షసుడు బౌజర్ పెద్ద గొప్పేం కాదు. వాడి మీదుగా దూకి గొడ్డలి తాకితే వంతెన కూలి వాడే మంటల్లో పడతాడు. మొదటి ఏడు కోటల్లోనూ మనం విడిపించాల్సిన రాకుమారి ఉండదు. ఎనిమిదో దాకా వెళ్లామా, కరెంటు పోతుంది. ఆ గేములో మధ్యలో ఆట సేవ్ చేసుకోవడం అనేది లేదు, మళ్లీ మొదటి నుంచే. మా ఇంట్లో బౌజర్ కంటే కరెంటాఫీసు వాళ్లకే తిట్లు ఎక్కువ పడ్డాయి.

'వైస్ సిటీ' (2002) సంగతి ఇంకా స్పష్టం. అందులో అసలు విలన్ సోనీ ఫొరెల్లీ అని ఎంతమందికి గుర్తుంది? బరంపురంలో నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడిన మా బ్యాచ్‌లో వాడి దాకా వెళ్లినవాళ్లు తక్కువ. మాకు తెలిసిన విలన్ ఒక బొమ్మ హెలికాప్టర్. కడుతున్న బిల్డింగ్‌లోకి దాన్ని తోలుకెళ్లి నాలుగు బాంబులు పెట్టాలి, టైము నడుస్తూనే ఉంటుంది. మీటలు కీబోర్డుకి కుడిపక్కన ఉన్న అంకెల దగ్గర. ఆ మిషన్ గట్టెక్కినవాణ్ణి వేరే సెంటర్ కుర్రాళ్లు కూడా వచ్చి చూసేవారు. మిగతావాళ్లం పాంజర్ అనే చీట్ కోడ్ టైపు చేసి ట్యాంకు తెప్పించుకుని ఊరంతా తిరిగేవాళ్లం. అలా తిరిగిన హీరో ఎవరికీ గుర్తులేడు, గమనించండి. నాలుగు బాంబులు పెట్టినవాడు గుర్తున్నాడు.

హీరో పేరు కూడా అడిగారు కదా, 'రెడ్ డెడ్ రిడంప్షన్ 2' (2018)లో ఆర్థర్ మోర్గాన్ అని రాసుకోండి. అప్పు వసూలుకి వెళ్లి ఒక రోగిష్టి రైతుని కొడతాడు, ఆ రైతు క్షయ ఇతనికి అంటుకుంటుంది. కొట్టే బటన్ నొక్కింది మనమే, తర్వాత దగ్గుతూ గుర్రమెక్కేదీ మనమే. నేను ఆడలేదు, బెంగుళూరులో ఉన్న మా తమ్ముడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. గేము అయిపోయిన రాత్రి వాడు భోజనానికి కూడా లేవలేదని మరదలు ఫోన్ చేసి మరీ చెప్పింది. పెళ్లిచూపుల్లో అంత గొడవ జరిగినప్పుడు కూడా వీడు పూట భోజనం మానలేదు.