మ్యూజియంలో హుడ్ వేసుకోవచ్చా? షికాగోలో ఒక తెలుగు పప్ అనుభవం

మీ ప్రశ్న చదివాను. చదువుకోవడానికి షికాగో వచ్చి ఏడాదైంది, ఇక్కడి పప్ గ్రూపులో ఈమధ్యే చేరారు, వాళ్లంతా కలిసి ఆర్ట్ మ్యూజియంకి వెళ్దామంటున్నారు. హుడ్ వేసుకోవచ్చా, వేసుకోకపోతే పప్‌గా వెళ్లినట్టేముంది, తెలిసిన తెలుగువాళ్లెవరైనా చూస్తే ఏం గతి? ఇదీ మీ టెన్షన్. నేను ఇదే ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, అందులో ఆరేళ్లుగా పప్‌ని. మ్యూజియంలకి ఒక్కణ్నే వెళ్లాను, గుంపుతో వెళ్లాను, ఒకసారి గుమ్మంలోంచే వెనక్కి వచ్చాను కూడా.

ఈ సంగతి కొత్తగా వింటున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. పప్ ప్లే అంటే పెద్దవాళ్లు ఇష్టపడి కుక్కపిల్లల్లా ఆడుకోవడం. కుక్క ముఖం ఆకారంలో ఉండే హుడ్ తొడుక్కుని, మోకాళ్లకి ప్యాడ్లు కట్టుకుని, మ్యాట్లు పరిచిన గదిలో నాలుగు కాళ్ల మీద తిరుగుతూ బంతి కోసం కొట్లాడుకుంటారు. ఆ గుంపు ఆటని మాష్ అంటారు. పప్‌ని కనిపెట్టుకుని ఉండే మనిషి హ్యాండ్లర్. తోలు దుస్తులంటే మోజున్న గే మగవాళ్ల గుంపుల్లోంచి, అంటే గే లెదర్ సమాజంలోంచి పెరిగిన అలవాటు ఇది. కొందరికి శృంగారంలో భాగం, కొందరికి అసలు కాదు. నాకైతే వారమంతా స్క్రీన్ ముందు వేడెక్కిన బుర్రకి రెండు గంటల సెలవు.

ఇక జవాబు. లోపల హుడ్ వద్దు. చాలా మ్యూజియంలు ముఖం కప్పే మాస్కుల్నీ వేషాల్నీ రానివ్వవు. ఆరోగ్యం కోసం పెట్టుకునే మాస్కు వేరే సంగతి. కోట్ల డాలర్ల బొమ్మలున్న చోట వచ్చినవాళ్ల ముఖాలు కెమెరాలో కనబడాలనుకోవడంలో తప్పేముంది? ఆ రూలు లేకపోయినా నేను వేసుకోను. అక్కడికొచ్చే అమ్మమ్మలూ స్కూలు పిల్లలూ బొమ్మలు చూడ్డానికి వస్తారు. మన ఆటలో చేరతామని వాళ్లెవరూ ఒప్పుకోలేదు. మాష్‌లో కొత్తవాణ్ని అడక్కుండా ముట్టుకోం కదా, ఇదీ అంతే.

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదు. కొన్నేళ్ల కిందట వేరే రాష్ట్రంలో ఒక మ్యూజియంకి, పేరెందుకు లెండి, ఐదుగురం హుడ్లు తగిలించుకుని వెళ్లాం. టికెట్లు ముందే కొన్నాం గానీ ఫోన్ చేసి అడగాలని ఒక్కడికీ తోచలేదు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆవిడ తీసేయమంది. మాలో ఒకడు వాదనకి దిగాడు. వెనక లైన్లో ఒక చిన్నపిల్ల వాళ్ల నాన్న కాళ్లని చుట్టేసుకుని ఏడుపు లంకించుకుంది. నా హుడ్‌కి నల్ల రబ్బరు మూతి, నిక్కబొడుచుకున్న చెవులు. నాకు ముద్దుగా ఉంటుంది, ఆ పిల్లకి ఎందుకుంటుంది? ఆ రోజు లోపలికి వెళ్లకుండానే పార్కింగ్‌లో కూర్చుని పిజ్జా తిని తిరిగొచ్చేశాం. సెక్యూరిటీ ఆవిడ మీద కోపం వారానికి తగ్గింది. పిల్ల ఏడుపు మాత్రం ఇంకా చెవుల్లో ఉంది.

కాలర్, అంటే పప్‌లు మెడకి కట్టుకునే పట్టీ, పెట్టుకోండి, ఎవరూ పట్టించుకోరు, ఫ్యాషన్ అనుకుంటారు. దానికి వేలాడే పేరు బిళ్ల మాత్రం తీసేయండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది మేక మెడలో గంటలా మోగుతుంది, నడుస్తున్నంతసేపూ. నలుపు, నీలం, తెలుపు చారల మీద ఎర్ర ఎముక ఉన్న పప్ జెండా బ్యాడ్జీ ఒకటి చాలు, తెలిసినవాళ్లకి తెలుస్తుంది. నడుముకి తగిలించుకునే తోక అస్సలు వద్దు. మనం తిరిగినప్పుడల్లా అదీ తిరుగుతుంది, పక్కన ఏ పింగాణీ కూజా ఉందో దానికేం తెలుసు? ఇంకా అనుమానముంటే ముందే మ్యూజియంకి ఈమెయిల్ పెట్టి అడగండి, జవాబిస్తారు.

హుడ్‌తో ఫోటో కావాలంటే మన ఊరి పెద్ద ఆర్ట్ మ్యూజియం, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ బయట, మిషిగన్ అవెన్యూ వైపు మెట్ల దగ్గర రెండు కంచు సింహాలున్నాయి. ఎడ్వర్డ్ కెమిస్ చేసినవి, 1894 నుంచీ అక్కడే కాపలా. మేం ఫోటోలు దిగేది అక్కడే. ఊరి హాకీ జట్టు బ్లాక్‌హాక్స్ ఫైనల్స్ ఆడినప్పుడు ఆ సింహాల తలలకే హెల్మెట్లు తొడిగారు, కాబట్టి వాటి పక్కన మన హుడ్లు పెద్ద వింతేమీ కాదు. ఫోటో అవగానే హుడ్ సంచిలోకి, సంచి లోపల సామాన్లు దాచే కౌంటర్లోకి.

హుడ్ లేకుండా పప్‌గా వెళ్లినట్టేముంది అన్నారు. నా మటుకు నాకు పప్ అంటే కిందనుంచి చూసేవాడు. చిన్నప్పుడు స్కూలువాళ్లు హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్లారు. గంట కొట్టే బొమ్మ ఎప్పుడు బయటికొస్తుందా అని ఆ గడియారం ముందు జనమంతా మెడలు సాచి నిలబడితే, నా ఎత్తుకి కనిపించినవి నడుములూ సంచులే. అప్పట్లో ఏడుపొచ్చింది. మాష్‌కి వెళ్లడం మొదలుపెట్టాక ఆ ఎత్తు మళ్లీ అలవాటైంది. ఇప్పుడు ఏ బొమ్మ ముందుకెళ్లినా మొదట కింది సగం చూస్తాను, అదీ బెంచీ మీద కూర్చుని.

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న, ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సెరా గీసిన గ్రాండ్ జాట్ దీవి ఆదివారం బొమ్మ అలాగే నా చేతికి చిక్కింది. 1884లో మొదలుపెట్టి రెండేళ్లు చుక్క చుక్క పెట్టి పూర్తిచేశాడు. రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు, మూడు మీటర్ల పైచిలుకు వెడల్పు. అందరూ వెనక్కి వెనక్కి వెళ్లి, చుక్కలు కలిసి మనుషులుగా మారేదాకా చూస్తారు. మేం కింద చూశాం. గడ్డి వాసన చూస్తున్న నల్ల కుక్క. రిబ్బన్ కట్టుకుని ఉరుకుతున్న బుజ్జి పగ్. గొడుగు పట్టుకున్నావిడ కాళ్ల దగ్గర, లీష్‌తో, అంటే మెడ తాడుతో, ఒక కోతి! పైన మనుషులు చాలామంది గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు బిగుసుకుపోయి ఉంటే, ఆదివారాన్ని ఆదివారంలా గడుపుతున్నది ఆ పగ్ ఒక్కటే. ఆ మాట మా గుంపులో ఎవడో అంటే ఆ గదిలో కాపలా ఉన్న గార్డు కూడా నవ్వాడు. మేం అక్కడ నలభై నిమిషాలున్నాం. అంతకుముందు మామూలు మనిషిగా వెళ్లినప్పుడు ఆ బొమ్మ ముందు రెండు నిమిషాలు నిలబడి ఉంటానేమో.

న్యూయార్క్ రాష్ట్రంలో బఫలో అనే ఊరికి వెళ్తే అక్కడి ఏకేజీ మ్యూజియంలో ఇటలీ చిత్రకారుడు జియాకొమో బల్లా 1912లో వేసిన కుక్క బొమ్మ చూడండి. డాక్స్‌హుండ్ పరుగెడుతుంటే కాళ్లు ఫ్యాను రెక్కల్లా గిర్రున తిరుగుతుంటాయి. దాన్ని నడిపిస్తున్నావిడ ముఖం బొమ్మలోనే లేదు, లంగా అంచూ పాదాలూ తప్ప. కుక్కకి కనిపించే ప్రపంచం అంతే కదా.

మనుషులు కుక్కలు కావడం కళకి కొత్తేమీ కాదని కూడా మీకు తెలియాలి. 1968లో వాలీ ఎక్స్‌పోర్ట్ అనే కళాకారిణి వియన్నా వీధుల్లో తోటి కళాకారుడు పీటర్ వైబెల్‌ని నాలుగు కాళ్ల మీద, మెడకి లీష్ కట్టి నడిపించింది. మగవాడు ఆడదాన్ని నడిపించే లోకాన్ని తిరగేసి చూపించడమన్నమాట. ఒలెగ్ కులిక్ అనే ఆయన 1994లో మాస్కోలో కుక్కలా మారి జనం మీదికి దూకాడు, 1996లో స్టాక్‌హోమ్‌లో ఎగ్జిబిషన్‌కి వచ్చినవాళ్లని నిజంగానే కరిచాడు, పోలీసులు పట్టుకెళ్లారు. నాకు ఎక్స్‌పోర్ట్ నచ్చుతుంది, కులిక్ నచ్చడు. అడక్కుండా కరిచేవాణ్ని ఏ మాష్‌లోనూ ఉండనివ్వరు.

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలిక్స్ గోంజాలెజ్-టోరెస్ అనే కళాకారుడి చాక్లెట్ల కుప్ప ప్రదర్శనలో ఉంటే తప్పకుండా చూడండి. రంగురంగుల కాగితాల్లో చుట్టిన చాక్లెట్లు, మొత్తం 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. ఎయిడ్స్‌తో పోయిన తన ప్రియుడు రాస్‌కి 1991లో అలా రూపమిచ్చాడు. చూడవచ్చినవాళ్లు ఒక్కొక్కటీ తీసుకుంటుంటే కుప్ప తరుగుతుంది, మ్యూజియంవాళ్లు మళ్లీ నింపుతారు. నేను ప్రసాదం తీసుకున్నట్టు కుడిచేత్తో తీసుకున్నాను, అలవాటు. మా హ్యాండ్లర్‌కి అరవై దాటాయి. ఆ రోజుల్లో ఎంతమందిని పోగొట్టుకున్నాడో ఎప్పుడూ చెప్పడు. ఆయన చాక్లెట్ జేబులో వేసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయాడు. మేమెవరం వెంటపడలేదు.

హుడ్ ఎవరికీ వింతగా అనిపించని మ్యూజియం కావాలంటే ఊరి ఉత్తరాన రోజర్స్ పార్క్‌లో లెదర్ ఆర్కైవ్స్ ఉంది. చక్ రెన్స్లో, టోనీ డిబ్లేజ్ అనే ఇద్దరు 1991లో స్థాపించారు. లెదర్ జెండా రూపం 1989లో ఇచ్చింది ఆ డిబ్లేజే. ఒకప్పుడు యూదుల ప్రార్థనా మందిరంగా ఉన్న భవనం. 18 ఏళ్లు నిండినవాళ్లకే ప్రవేశం. గోల్డ్ కోస్ట్ అనే లెదర్ బార్ కోసం ఎటియెన్ అనే చిత్రకారుడు వేసిన పెద్ద పెద్ద గోడబొమ్మలు అక్కడి హాల్లో ఉన్నాయి, ముందు వాటి దగ్గరికి వెళ్లండి. అక్కడ కూడా ఒకసారి అడిగే వేసుకోండి.

ఇక తెలుగువాళ్ల సంగతి. ఇంట్లో చెప్పే ఉద్దేశం ఇప్పట్లో లేకపోతే గ్రూప్ ఫోటోలు ఇన్‌స్టాలో పెట్టొద్దని ముందే చెప్పండి, మంచి గుంపైతే మాట వింటుంది. వినకపోతే గుంపు మార్చండి. మిగతాది మీరనుకున్నంత భయంకరంగా ఉండదు. ఆ లెదర్ ఆర్కైవ్స్ డివాన్ అవెన్యూకి కూతవేటు దూరం. అవును, మనమంతా కందిపప్పు, కరివేపాకు కొనుక్కునే డివానే. బస్సెక్కి పడమటికి వెళ్తే మన షాపులే. ఒక శనివారం మ్యూజియం చూసుకుని అటే గోంగూర కోసం వెళ్లాను, కాలర్ తీయడం మర్చిపోయి. బెండకాయలు ఏరుతుంటే మా అపార్ట్‌మెంట్‌లో ఉండే విజయవాడ ఆంటీ ఎదురుపడింది. నా మెడ వంక తేరిపార చూసింది. నాకు కాళ్లు చల్లబడ్డాయి.

"ఏం బాబూ, మెడ పట్టేసిందా? బెల్టు వేసుకున్నావ్?"

"అవునాంటీ."

"ఎప్పుడూ ఆ కంప్యూటర్ ముందు వంగి కూర్చుంటే పట్టెయ్యదూ! నువ్వుల నూనె వేడిచేసి రాసుకో."

తర్వాత రెండు వారాలపాటు లిఫ్టులో కనబడినప్పుడల్లా మెడ ఎలా ఉందని అడిగింది. తగ్గిందనే చెప్పాను.