గేటు మీది సంవత్సరం, అమ్మ చెప్పిన సంవత్సరం

ప్రశ్న: మా అమ్మ విజయనగరంలో సిస్టర్ల ఆడపిల్లల బడిలో చదువుకుంది. ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ హైస్కూలు గేటు మీద రాసిన సంవత్సరానికి రెండేళ్ల ముందే అక్కడ ఐదో తరగతి పాసయ్యానంటుంది. బడి చరిత్ర రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యమే తేలడం లేదు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమ్మగారి మాటే నమ్మండమ్మా. గేటు మీదున్నదీ అబద్ధం కాదు. అలాంటి బడిలోనే ఇరవయ్యెనిమిదేళ్లు తెలుగు చెప్పాను కనక ఈ చిక్కు నాకు తెలుసు. ఎలిమెంటరీ, ఎనిమిది దాకా హయ్యర్ ఎలిమెంటరీ, ఆపైన హైస్కూలు. ఒక్కో మెట్టుకీ సర్కారు గుర్తింపు వేరే. గేటు మీదికి ఎక్కేది తరచు చివరి మెట్టే.

మీ సిస్టర్లు ఏ సభవారో, అంటే ఏ కన్యాస్త్రీల సంఘం వారో ముందు అడగండి. మన వైపు ఈ కథ ఆల్ప్స్ కొండల దగ్గరి ఆన్సీ పట్నంలో మొదలవుతుంది. 1846లో అక్కడి ఫాదర్లు విశాఖ వచ్చారు, 1849లో సెయింట్ జోసఫ్ కన్యాస్త్రీలు యానాంలో దిగారు. సూయజ్ కాలువ తెరవడానికి ఇరవై ఏళ్ల ముందు మాట ఇది. 1854లో చదువుల విధానం మీద కంపెనీ సర్కారుకు వచ్చిన ఉడ్ డిస్పాచ్ అనే ఉత్తర్వు తర్వాత మిషన్ బళ్లకు గ్రాంటు దారి తెరుచుకుంది. గ్రాంటు కావాలంటే ఇన్‌స్పెక్టరుకు రిజిస్టర్లు చూపాలి. మనకి పాత కాగితాలు మిగిలాయంటే అదొక కారణం.

ఆ రిజిస్టర్ల కోసమే వెళ్లండి. ఒకసారి స్కూలు బీరువా సర్దుతూ పాత అడ్మిషన్ రిజిస్టరు తెరిచాను. పిల్ల పేరు, తండ్రి పేరు, వృత్తి, చేరిన తేదీ. చివరి గడి, బడి మానిన కారణం. ‘పెళ్లి’. కింద ‘పెళ్లి’. ‘తండ్రికి బదిలీ’. మళ్లీ ‘పెళ్లి’. అందరూ ఆరు, ఏడు తరగతుల గుంటలే. ఆ పేజీ తిప్పలేక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. హైస్కూలు పుట్టిన ఏడాది నుంచే చరిత్ర రాస్తే వీళ్లెవరూ అందులో ఉండరు. అందుకే చెప్తున్నాను, మీరు మాత్రం అమ్మగారి తరగతి నుంచే మొదలుపెట్టండి.

విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. అంతకు ముందు పట్నం విశాఖ జిల్లాలో ఉండేది, కాబట్టి గుర్తింపు కాగితాల ఆరా అక్కడ తీయాలి. అదే సాలూరు, బొబ్బిలి బళ్లయితే శ్రీకాకుళంలో. చర్చి కాగితాలూ అంతే. శ్రీకాకుళం మేత్రాసనం, అంటే అక్కడి బిషప్పు ఏలుబడిలోని చర్చి ప్రాంతం, 1993లో వచ్చింది, అంతకు ముందువన్నీ విశాఖ మేత్రాసనం నాటివి.

రిజిస్టరులో అమ్మగారి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది. వెతికేటప్పుడు మరిచిపోకండి.