క్రూజ్ వదిలేసి సుమాయ్ పట్టుకోండి

ప్రశ్న: మా కోడలు చమోరో అమ్మాయి. వాళ్లది పసిఫిక్‌లో అమెరికా చేతిలో ఉన్న గ్వామ్ దీవి, అక్కడి మూలవాసులనే చమోరోలంటారు, తను పుట్టి పెరిగింది మాత్రం శాన్ డియాగోలో. ఈమధ్య వాళ్ల నానమ్మ పోతే, ఆవిడ దాచుకున్న పాత పేపర్ కటింగులు ఒక రేకు డబ్బా నిండా మా ఇంటికి వచ్చాయి. అందులో ఆ నానమ్మ తల్లి చనిపోయినప్పుడు వేసిన ప్రకటన ఉంది. ఏ సంవత్సరమో తెలియదు. పేరు చివర క్రూజ్, పక్కనే ‘ఫమిలియన్ కబేసా’, ఊరు శాంటా రీటా, ‘పూర్వం సుమాయ్’ అని ఉంది. మనవడి కోసం వంశవృక్షం గీద్దామని నెట్‌లో క్రూజ్ అని కొడితే వేలమంది వస్తున్నారు. చర్చి రిజిస్టర్ చూస్తే సరిపోతుంది కదా అంటారు మా వారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక నానమ్మ, శాన్ డియాగో

జవాబు: మీ వారి సలహా ఇంకెక్కడైనా అయితే బాగానే పనిచేసేది. గ్వామ్‌లో కష్టం. 1944 జులైలో జపాన్ చేతిలోంచి దీవిని తిరిగి తీసుకోవడానికి అమెరికా కురిపించిన బాంబులకు రాజధాని హగాట్న్యా నేలమట్టమైంది. బాప్తిస్మం పుస్తకాలు చాలావరకు ఆ యుద్ధంలోనే పోయాయి. అందుకే మీ రేకు డబ్బాకి అంత విలువ.

క్రూజ్‌ని కాసేపు మర్చిపోండి. స్పెయిన్ పాలన, కేథలిక్ మతం కలిసి ఆ దీవి నిండా క్రూజ్‌లని, శాంటోస్‌లని, పెరెజ్‌లని నింపేశాయి. పేరూ ఇంటిపేరూ కూడా కలిసినవాళ్లు ఒకే ఊళ్లో ఎంతమందైనా ఉంటారు. వాళ్లలో ఎవరు ఎవరో చెప్పేది ఫమిలియన్ పేరే, అంటే ఒక్కో కుటుంబ శాఖను గుర్తుపట్టడానికి ఊరివాళ్లు వాడే మారుపేరు: కబేసా, బాలి ట్రెస్, గోల్లో, ఇలా. అది తల్లి వైపు నుంచి కూడా రావచ్చు, ఒకే మనిషికి రెండు ఉండవచ్చు. కాబట్టి కబేసా అనగానే క్రూజ్‌ల వంశం అని రాసేసుకోకండి. అది ఆవిడ పుట్టింటిదా, అత్తవారిదా, ముందు మీ కోడలి మేనత్తలను అడగండి.

గ్వామ్‌లో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే పేపర్లో నేను మొదట తిప్పే పేజీ ఈ ప్రకటనలదే. కాఫీ దగ్గర ఈ చావు కబుర్లేమిటని మా ఆయన విసుక్కునేవారు. కానీ ఆ దీవిని తెలుసుకోవడానికి అంతకంటే మంచి పేజీ లేదని ఇప్పటికీ అంటాను. ఒక్క ప్రకటనలో తల్లిదండ్రులు, ముందే పోయినవాళ్లు, బతికున్న తోబుట్టువులు, వాళ్ల భర్తలూ భార్యలూ, పిల్లలు, ఒక్కోసారి పెంచుకున్న పిల్లలు కూడా వరసగా ఉంటారు. కింద, చావు తర్వాత తొమ్మిది రాత్రులు చేసే జపమాల ప్రార్థన ఎక్కడో రాస్తారు. చర్చి పేరుంటే అది వాళ్ల ఊరి చర్చి కావచ్చు. ఎవరి ఇల్లో రాసుంటే, ఆ కుటుంబం ఎవరి గడపలో కలుసుకునేదో తెలిసిపోతుంది. మీరు ఆ పేర్లన్నీ ఒక కాగితం మీదకు ఎక్కించండి, దూరపు చుట్టాలని ఎవరినీ వదలకుండా.

ఇక సుమాయ్. మీ కటింగ్‌లో అసలు దారి చూపించే మాట అదే. యుద్ధానికి ముందు హగాట్న్యా తర్వాత పెద్ద ఊరు సుమాయ్. సముద్రం కింద వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ స్టేషన్ అక్కడే, 1935లో పాన్ యామ్ వారి క్లిప్పర్ విమానం నీళ్ల మీద దిగింది అక్కడే. యుద్ధం తర్వాత ఆ నేలని అమెరికా నేవీ తీసేసుకుంది, ఊరివాళ్లు శాంటా రీటాలో స్థిరపడ్డారు. అంటే మీ వాళ్లను 1940 జనాభా లెక్కల్లో వెతకాల్సింది సుమాయ్‌లో. ఆ లెక్కల కాగితాలు 2012 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. అప్పుడు దీవి మొత్తం జనాభా 22,290. అందులో సుమాయ్ పేజీలు ఓపిగ్గా కళ్లతో చదవగలిగినన్నే. కంప్యూటర్ వెతుకులాటని నమ్ముకోకండి, ఇంటి పక్క ఇళ్లు కూడా చదవండి. అన్నదమ్ములు అక్కడే దొరుకుతారు.

పేర్ల దగ్గర ఒక చిక్కుంది. పాత స్పానిష్ పద్ధతిలో తండ్రి పెరెజ్, తల్లి క్రూజ్ అయితే బిడ్డ ‘పెరెజ్ ఇ క్రూజ్’. అమెరికా పద్ధతి వచ్చాక అదే మనిషి ‘సి. పెరెజ్’ అయిపోతాడు. పెళ్లికాని అమ్మాయికైతే మధ్యలో అక్షరం తల్లి ఇంటిపేరుది, పెళ్లయ్యాక అదే చోట తన పుట్టింటిపేరు అక్షరం వచ్చి కూర్చుంటుంది. పెళ్లికి ముందు ఒక అక్షరం, తర్వాత ఇంకొకటి కనిపిస్తే ఇద్దరు మనుషులని కంగారుపడకండి.

సంవత్సరం పట్టుకోవడం అంత కష్టం కాదు. అంత్యక్రియలు ఏ వారం, ఏ తేదీ అన్నది సాధారణంగా ప్రకటనలో ఉంటుంది. ఆ వారమూ తేదీ కలిసే సంవత్సరాలు ఐదారేళ్లకో పదకొండేళ్లకో కానీ రావు. రాజధాని పేరు అగాన్యా అని ఉంటే 1998కి ముందుది కావచ్చు, ఆ ఏడాదే దాన్ని హగాట్న్యాగా మార్చారు. పేపర్ పేరు కనిపిస్తే ఇంకా మేలు: గ్వామ్ డైలీ న్యూస్ 1970లో పసిఫిక్ డైలీ న్యూస్ అయింది. కటింగ్ వెనకవైపు కూడా చూడండి. సగం తెగిన సినిమా ప్రకటన కూడా పనికొస్తుంది.

అంతకు ముందు కాలానికి 1909లో మొదలైన గ్వామ్ న్యూస్ లెటర్, 1924 నుంచి 1941 దాకా వచ్చిన గ్వామ్ రికార్డర్ ఉన్నాయి. అప్పట్లో దీవిని పాలించిన అమెరికా నేవీ ప్రభుత్వపు చూపుతో రాసినవి కాబట్టి అందులో ఆఫీసర్ల హడావుడి ఎక్కువ, చమోరో ఇళ్ల సంగతులు తక్కువ. అయినా ఓడల్లో వచ్చీ పోయేవాళ్లు, బడి విశేషాలు, కొత్త దుకాణాల ప్రకటనలు చదవడానికి నాకు విసుగు రాలేదు. పాత పత్రికలు, స్పానిష్ కాలపు కాగితాల కోసం గ్వామ్ విశ్వవిద్యాలయంలోని మైక్రోనేషియన్ ఏరియా రీసెర్చ్ సెంటర్ వారికి రాయండి. స్పెయిన్ వాళ్లు 1897లో చేసిన జనాభా లెక్క గురించి కూడా అడగండి. ముత్తవ్వ తల్లిదండ్రులు అందులో దొరకవచ్చు.

ఇంకొకటి, ఇది ఏ లైబ్రరీలోనూ ఉండదు. చమోరో ఇళ్లల్లో చావుకీ పెళ్లికీ వచ్చిన చెంచులే, అంటే చదివింపులు, ఎవరు ఎంత ఇచ్చారో పుస్తకంలో రాసిపెట్టుకుంటారు, తిరిగి ఇవ్వాలి కదా. ఆ నానమ్మ అంత్యక్రియలప్పటి పుస్తకం ఎవరి దగ్గరుందో మీ కోడలిని అడగమనండి. అందులో పేర్లని మీ ప్రకటనలోని పేర్లతో పోల్చండి. మీ ఊళ్లోనే సన్స్ అండ్ డాటర్స్ ఆఫ్ గ్వామ్ క్లబ్ ఉంది. సుమాయ్ అనగానే అక్కడి పెద్దవాళ్లు మాట కలుపుతారు. వాళ్లలో మగవాళ్లని టున్ అని, ఆడవాళ్లని టాన్ అని పేరుకు ముందు చేర్చి పిలవండి. డబ్బా మాత్రం తీసుకెళ్లకండి, ఫోటోలు తీసుకుని వెళ్లండి.