అప్పు చేసి మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) చేరితే గిట్టుబాటు అవుతుందా?

మామూలు ప్రైవేటు కాలేజీలో అయితే చాలావరకు గిట్టుబాటు కాదు. సీటుకు ఎంత పోసినా, బయటికొచ్చాక సర్వీస్ కంపెనీలు (వేరే సంస్థలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవి) ఫ్రెషర్లకు ఇచ్చేది ఏళ్లుగా ఏడాదికి 3.5 లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. ఏ కోటాలో చేరారని ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు. పైగా మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఎంట్రన్స్ ర్యాంకు మీద సీటొచ్చే కన్వీనర్ కోటాలో అర్హత ఉన్నవాళ్లకు వస్తుంది (ఆ డబ్బు ఎప్పుడు పడుతుందన్నది వేరే గోల).

ఏడాదికి 3 లక్షల చొప్పున 12 లక్షల ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నారనుకుందాం. 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అంటే ఈఎంఐ సుమారు 15,900. చదివే కాలంలో పేరుకునే వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువ. 3.5 లక్షల ప్యాకేజీ నెలకు 29 వేల లెక్క. పీఎఫ్, మిగతా కోతలు పోను చేతికొచ్చేది అంతకన్నా తక్కువే. అందులోంచి ఈఎంఐ కట్టి, హైదరాబాద్ హాస్టల్‌కు, తిండికి సర్దాలి. అదే ఊళ్లో కన్వీనర్ కోటాలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్) దొరికితే లెక్క మారిపోతుంది. సర్వీస్ కంపెనీల్లో చాలావాటికి బ్రాంచ్ పట్టింపు అంతగా ఉండదు, కోడింగ్ వస్తే చాలు.

చాలామంది పొరబడేది ఫ్లెక్సీ మీద కనిపించే "హైయెస్ట్ ప్యాకేజీ" దగ్గర. అది ఒకరిద్దరికి వచ్చింది. కాలేజీలో అడగాల్సింది ఎంతమందికి ఆఫర్లు వచ్చాయి, వాళ్లలో సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి జీతమెంత అని.